అశోకుని పేరు మీద ఒక యాత్ర: ఆదుర్రు, గుంటుపల్లి

రాజమహేంద్రవరం నుంచి శని, ఆదివారాల్లో నడుస్తున్న ఒక చారిత్రక యాత్రను గురించిన సమీక్ష ఇది. మొదటి రోజు కోనసీమలోని ఆదుర్రు బౌద్ధ స్తూపాన్ని చూపించి, ఆ సాయంత్రం రాజమహేంద్రవరంలో శాసనాల మీద ఒక ప్రసంగం ఏర్పాటు చేస్తారు. రెండవ రోజు ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహలకు తీసుకువెళతారు. రెండు రోజులనూ కలిపే సూత్రం అశోక చక్రవర్తి. ఆయన మిగిల్చి వెళ్లిన వారసత్వాన్ని యాత్రికులే తూచి చూసుకునేలా చేయడం తమ ఉద్దేశమని నిర్వాహకులు కరపత్రంలో రాసుకున్నారు. అందుచేత వ్యాను ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది అన్నదాని కంటే ఆ తూకం ఎంత నిజాయితీగా సాగిందన్నదాని మీదనే ఎక్కువ రాస్తాను. నిర్వాహకులది ఇంకా కుదురుకుంటున్న చిన్న సంస్థ. చెప్పవలసిన లోపాలు కొన్ని ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు.

ఏర్పాట్ల సంగతి ముందుగా చెప్పి ముగిస్తాను. మనిషికి నాలుగు వేల రూపాయల పైచిలుకు తీసుకుంటారు. అందులో వ్యాను, రెండు పూటల భోజనం, ప్రసంగం, ఒక చిన్న పుస్తకం కలిసి ఉంటాయి. రాత్రి బస ఎవరిది వారే చూసుకోవాలి. వ్యాను శుభ్రంగా ఉంది, డ్రైవరు నెమ్మదస్తుడు, మంచినీళ్లకు లోటు లేదు. బయలుదేరడంలో జరిగిన ఆలస్యం వల్ల ఆదుర్రులో ఎండ నెత్తిమీదికి వచ్చాక దిగవలసి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

గోదావరి డెల్టాలో అశోకుని పేరు మీద యాత్ర నడపడమే ఒక సాహసం, ఎందుకంటే ఇక్కడ ఆయన శాసనం ఒక్కటి కూడా లేదు. కృష్ణ ఒడ్డున అమరావతిలో ఆయనదిగా భావించే ఒక శాసన శకలం దొరికింది. పెద్ద శాసనాలు చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి దాకా పోవలసిందే. యాత్రకు వ్యాఖ్యాతగా వచ్చిన యువకుడు ఈ సంగతిని వ్యానులోనే, ఎవరూ అడగకముందే చెప్పాడు. ఆయన బండల మీద చెక్కించిన పద్నాలుగు పెద్ద శాసనాల్లోని పదమూడవ శిలాశాసనంలో ధర్మాన్ని అనుసరిస్తున్న ప్రజల జాబితాలో ఆంధ్రుల పేరు, పుళిందులతో జోడుగా, వస్తుందని కూడా చెప్పాడు. అశోకుడు యుద్ధంలో గెలిచిన కళింగానికి దక్షిణపు హద్దు గోదావరి అని చాలామంది చెప్పే మాటను ఎత్తి, ఆ లెక్కన మనలో కొందరి పూర్వులు ఓడిన పక్షంలోనూ ఉండి ఉండవచ్చునని అన్నాడు. ఆ మాట వ్యాఖ్యాత దారిలో తేలికగా అనేసి వదిలేశాడు. నా దృష్టిలో యాత్ర అంతా దాని మీదనే నడవవలసింది. ఒక చక్రవర్తిని పాటలీపుత్రం నుంచి చూడటం వేరు, ఆయన సైన్యం దిగివచ్చిన దిక్కున నిలబడి చూడటం వేరు.

ఆదుర్రు మామిడికుదురు మండలంలో, వైనతేయ పాయకు దగ్గరలో, కొబ్బరితోటల నడుమ ఉన్న ఊరు. స్తూపం పునాదులు మాత్రమే మిగిలాయి. మధ్యభాగం నుంచి చుట్టుగోడ వైపు బండిచక్రపు ఆకుల్లాగా ఇటుక గోడలు సాగుతాయి. ఎత్తు నుంచి చూస్తే తప్ప ఆ ఆకారం పూర్తిగా బోధపడదు, ఎత్తుగా నిలబడటానికి అక్కడ చోటు లేదు. నిర్వాహకులు పై నుంచి తీసిన ఒక ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చువేయించి తలా ఒకటి చేతికి ఇచ్చారు. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాట్లలో అది ఒకటి.

అయితే అక్కడ చెప్పిన కథ విషయంలో జాగ్రత్త చాలలేదు. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళానికి వెళుతూ ఈ రేవులో దిగి స్తూపానికి పునాది వేసిందని స్థానికంగా ఒక ఐతిహ్యం ఉంది. వ్యాఖ్యాత దానిని ఐతిహ్యంగా కాక జరిగిన సంగతిగా చెప్పాడు. సింహళ గాథలు బోధివృక్షపు కొమ్మతో ఆమె తామ్రలిప్తి రేవులో ఓడ ఎక్కిందని చెబుతాయే తప్ప గోదావరి ముఖాన్ని ప్రస్తావించవు. పైగా స్తూపాన్ని ఇలా చక్రాకారంలో కట్టే పద్ధతి ఘంటసాలలోనూ, నాగార్జునకొండలోనూ కనబడుతుంది. నాగార్జునకొండ కట్టడాలు అశోకునికి దాదాపు అయిదు వందల ఏళ్ల తరువాతివి. అక్కడ గొడుగు వేసుకుని కూర్చున్న ఊరి పెద్దాయన ఒకరు మా మాటలు విని, “ఆయ్, మా చిన్నప్పట్నించీ దీన్ని దుబ్బరాజు గుడే అంటావండి, అశోకుడు గిశోకుడు మాకు తెలీదండి” అన్నారు. వ్యాఖ్యాత నవ్వి ఊరుకున్నాడు. నేనైతే అక్కడే ఆగి, చక్రవర్తి జ్ఞాపకం జనంలో ఎంతగా చెరిగిపోయిందో చెప్పి ఉండేవాణ్ణి. పురాణాల రాజవంశ పట్టికల్లో ఆయన ఒక పేరుగా మిగిలాడు. ఆయన లిపిని 1837లో ప్రిన్సెప్ చదవగలిగినా, శాసనాల్లో రాజు చెప్పుకున్న ‘దేవానాంప్రియుడు’ అన్న బిరుదు అశోకునిదేనని శాసనంలోనే తేటతెల్లంగా కనబడింది 1915లో కర్ణాటకలోని మస్కి బండ బయటపడ్డాకనే. మధ్యలో దాదాపు రెండు వేల ఏళ్లు ఈ దేశపు పల్లెలకు ఆయన ఎవరో తెలియదు. ఆ విస్మృతిని కూడా లెక్కలో వేసుకోకుండా వారసత్వాన్ని తూచలేము.

మధ్యాహ్న భోజనం రాజోలు వైపు ఒక ఇంటి పెరట్లో పెట్టారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. వంకపెట్టడానికి ఏమీ లేదు. కోనసీమకు వచ్చి చేప లేదా అని ఒకరిద్దరు అడిగితే, అశోకుడు శాకాహారి కనుక యాత్రలో మాంసం, చేప పెట్టడం లేదని వ్యాఖ్యాత సమాధానం. శాకాహారం పెట్టడం వారి ఇష్టం, దానికి అభ్యంతరం లేదు. చక్రవర్తిని సాక్ష్యానికి పిలవడమే తప్పు. మొదటి శిలాశాసనం చెప్పేది వేరు. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల కొద్దీ ప్రాణులను చంపేవారని, ఇప్పుడు మూడే చంపుతున్నారని, అవి రెండు నెమళ్లు, ఒక లేడి అని, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదని, ఇకమీదట ఆ మూడూ చంపబోరని ఆయనే చెక్కించాడు. తన ఇంటి వంటశాల లెక్కను, అందులో ఇంకా మిగిలి ఉన్న తప్పుతో సహా, బహిరంగంగా చెప్పిన రాజు మరొకడు నాకు తెలియదు. ‘శాకాహారి’ అని ఒక్క ముక్కలో తేల్చితే ఆ నిజాయితీ కాస్తా ఎగిరిపోతుంది.

చేపల ప్రస్తావన వచ్చింది కనుక, కోనసీమ నేల మీద తప్పకుండా చెప్పవలసి ఉండీ ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. పట్టాభిషేకమైన ఇరవైఆరవ ఏట వేయించిన అయిదవ స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఇస్తాడు అశోకుడు. చిలుకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్లు, ముళ్లపందులతో పాటు ‘ఎముక లేని చేప’ కూడా ఆ జాబితాలో ఉంది. (ముళ్లకే పేరుపడిన మన పులసకు అందులో చోటు దొరికేది కాదు.) ఆ తరువాత, నాలుగు నెలలకొకటిగా వచ్చే చాతుర్మాస్యపు పూర్ణిమలకూ, తిష్య (పుష్యమి) పూర్ణిమకూ, ముందువెనుకల రోజులతో కలిపి, అలాగే ప్రతి ఉపవసథ (ఉపవాస) దినానా చేపను చంపకూడదని, అమ్మనూ కూడదని శాసించాడు. ఆ రోజుల్లోనే ఏనుగుల అడవుల్లోనూ, జాలరుల కట్టుబడిలో ఉన్న నీటి పట్టుల్లోనూ తక్కిన ప్రాణులను కూడా చంపరాదన్నాడు. శాసనంలో ‘కేవట’ అన్న పేరుతోనే జాలరులు కనబడతారు. దయ గల రాజు అని చదువుకుంటూ పోయే వాక్యం, వల మీద బతికే ఇంటివారికి ఇంకో రకంగా వినబడుతుంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది. అది చేప గుడ్లు పెట్టే కాలానికి కట్టిన నిషేధం, ఆ కాలానికి ప్రభుత్వం ఇంటికింత భృతి ఇస్తుంది, ఆ భృతి ఆలస్యమైతే రేవుల్లో గొడవ అవుతుంది. అశోకుని స్తంభం మీద నిషేధం ఉంది, భృతి లేదు. పుణ్యదినాల కరుణకు అయ్యే ఖర్చు ఎవరి మూకుడులోంచి పోయిందో ఆ స్తంభం చెప్పదు. భైరవపాలెం, అంతర్వేది, ఓడలరేవుల వైపు ఒక మత్స్యకార పెద్దను కూర్చోబెట్టి ఈ శాసనాన్ని తెలుగులో చదివి వినిపించి అభిప్రాయం అడిగితే, అదే ఈ యాత్రలోకెల్లా మంచి పాఠమయ్యేది. నిర్వాహకులకు ఈ సూచన ఇచ్చాను, ఆలోచిస్తామన్నారు.

అదే శాసనంలో, ప్రాణులున్న ఊకను తగలబెట్టకూడదని, నిష్కారణంగా అడవిని కాల్చకూడదని కూడా ఉంది. రైసుమిల్లుల పక్కన ఊక గుట్టలు, కోతల తరువాత చేలలో గడ్డి మంటలు చూస్తూ పెరిగిన మనకు ఈ వాక్యం ఇరవైరెండు శతాబ్దాల నాటిదని నమ్మబుద్ధి కాదు. ఇక్కడ ఆయనకు పూర్తి మార్కులు వేయడానికి నాకు సంకోచం లేదు. పురుగును కూడా పరిపాలనలో భాగంగా చూసిన చూపు అది. ఒకే శాసనంలో ఒక వాక్యానికి చేతులెత్తి మొక్కాలనిపించడం, పక్క వాక్యానికి నిలదీయాలనిపించడం అశోకుణ్ణి చదివే ప్రతివారికీ ఎదురయ్యే ఇబ్బందే.

తిరుగు ప్రయాణంలో పి.గన్నవరం దగ్గర వ్యాను అక్విడెక్టు మీదుగా వచ్చింది. కాలువ వైనతేయ మీదుగా దాటే ఆ చోట ఫొటోల కోసం కాసేపు ఆపారు. కొత్త అక్విడెక్టుకు అన్నదానంతో పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారని, పాతది కాటన్ దొర కాలపు పని అని వ్యాఖ్యాత చెప్పాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిన వైనం కూడా చెప్పాడు. ఈ డెల్టాలో పాలకులను తూచే రాయి ఏదో అక్కడ నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది. కుంఫిణీ ప్రభుత్వాన్ని తిట్టుకునేవారు కూడా కాటన్‌కు దండ వేస్తారు, ఎందుకంటే నీళ్లు వచ్చాయి. మరి అశోకుడు ఏం కట్టాడు? దారుల వెంట మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, సత్రాలు అని బడి పుస్తకంలో ఉన్నదే వ్యాఖ్యాత చెప్పాడు, అది తప్పు కాదు. కానీ అక్విడెక్టు మీద చెప్పవలసింది గుజరాత్‌లోని గిర్నారు సంగతి. క్రీ.శ. 150లో శకరాజు రుద్రదాముడు గిర్నారు బండ మీద వేయించిన శాసనంలో సుదర్శన తటాకపు చరిత్ర ఉంది. చంద్రగుప్త మౌర్యుని అధికారి పుష్యగుప్తుడు ఆ చెరువు కట్టించాడని, అశోకుని తరఫున యవనరాజు తుషాస్ఫుడు దానికి కాలువలు అమర్చాడని అందులో రాసి ఉంది. విశేషమేమిటంటే, వంటశాలలో లేడి లెక్క కూడా చెక్కించిన అశోకుడు ఈ కాలువల గురించి తన శాసనాల్లో ఎక్కడా ఒక్క మాట చెప్పుకోలేదు. అదే బండ మీద ఆయన పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. కాలువ మాట మాత్రం నాలుగు వందల ఏళ్ల తరువాత ఇంకో రాజు చెబితే తెలిసింది. రైతుల ఊళ్లలో అశోకుని వారసత్వం గురించి మాట్లాడదలచినవారు ఈ ఒక్క ఆధారాన్ని వదిలిపెట్టడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

సాయంత్రపు ప్రసంగం యాత్రకు ప్రాణం. గోడ మీద పెద్ద తెర, దాని మీద శాసనాల నకళ్లు, పక్కన తెలుగు లిపిలో ప్రాకృత పాఠం, కింద తెలుగు తాత్పర్యం. ఇంత శ్రద్ధగా తయారుచేసిన తెరలు విశ్వవిద్యాలయాల సభల్లో కూడా ఎక్కువగా చూడలేదు. వ్యాఖ్యాత పదమూడవ శిలాశాసనంతో మొదలుపెట్టాడు. పట్టాభిషేకమైన ఎనిమిదవ ఏట, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, కళింగాన్ని జయించినప్పుడు లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని, లక్ష మంది చంపబడ్డారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని చక్రవర్తే చెప్పుకున్న వాక్యాలను నెమ్మదిగా, ఎక్కడా నాటకం ఆడకుండా చదివాడు. గది నిశ్శబ్దమైంది. ఆ దుఃఖం నిజమైనదని, ఆ క్షణం నుంచి మనిషి మారిపోయాడని, ప్రపంచ చరిత్రలో గెలిచిన రాజు క్షమాపణ చెప్పిన సందర్భం ఇదొక్కటేనని అతని ముగింపు.

అక్కడితో ఆగి ఉంటే ఈ సమీక్ష కఠినంగా ఉండేది. అమలాపురం నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు లేచి, “అంతా బాగుంది నాయనా, తీసుకుపోయిన లక్షన్నర మందిని తిరిగి పంపించాడా?” అని అడిగారు. వ్యాఖ్యాత తడుముకోలేదు. “శాసనంలో ఎక్కడా ఆ మాట లేదండి మాస్టారూ. పంపించి ఉంటే చెప్పుకునేవాడే అనుకుంటానండి” అన్నాడు. ఆ తరువాతి గంట పుస్తకంలో లేని పాఠం. ఒకరి తరువాత ఒకరు అడుగుతూ పోయారు, అతనూ దాపరికం లేకుండా చెబుతూ పోయాడు. కళింగాన్ని వదిలిపెట్టలేదు, రాజ్యంలోనే ఉంచుకున్నాడు. సైన్యాన్ని రద్దు చేసినట్టు ఎక్కడా లేదు. పశ్చాత్తాపం చెప్పిన అదే శాసనంలో, అడవి జాతులను ఉద్దేశించి, బాధపడుతున్నా తనకు శిక్షించే బలం ఉందని గుర్తుంచుకోమని హెచ్చరించాడు. మరణశిక్షను కూడా తీసివేయలేదు. నాలుగవ స్తంభశాసనంలో శిక్ష పడినవారికి మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు, బంధువులు మొరపెట్టుకోవడానికి, లేదా పరలోకానికి సిద్ధపడటానికి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను అడిగాను, సమాధానం తృప్తికరంగా రాలేదు. ఆ పశ్చాత్తాప శాసనం ఎర్రగుడిలో ఉంది, గిర్నారులో ఉంది, కాల్సీలో, షాబాజ్‌గఢీలో, మన్‌సెహ్రాలో ఉంది, దాని గ్రీకు పాఠం కాందహారులో కూడా దొరికింది. కళింగంలో మాత్రం లేదు. భువనేశ్వరం దగ్గరి ధౌలిలోనూ, గంజాం జిల్లా జౌగడలోనూ పదకొండు నుంచి పదమూడు దాకా శాసనాలను వదిలివేసి, వాటి చోట రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. అంటే ఎవరిని చంపాడో వారి పిల్లలకు తప్ప తక్కిన లోకమంతటికీ తన దుఃఖం చెప్పుకున్నాడు. పుండు మీద కారం చల్లకూడదన్న మర్యాద కావచ్చునని వ్యాఖ్యాత అన్నాడు. చచ్చినవారి లెక్కను బతికినవారికి గుర్తుచేయడం రాజకీయంగా ప్రమాదమన్న లెక్క కావచ్చునని నేననుకుంటాను. రెండూ కలిసే ఉండి ఉండవచ్చు. ఏదైనా, ఎదుటివాడికి చెప్పని క్షమాపణను క్షమాపణగా జమకట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

అయితే ఆ రెండు ప్రత్యేక శాసనాలను తీసిపారేయకూడదు. అశోకునికి నేనిచ్చే ఘనత అంతా వాటిలోనే ఉంది. “మనుషులందరూ నా బిడ్డలు” అన్న మాట అందులోదే, అది అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసినది దాని తరువాతి భాగం. కళింగంలోని తోసలి నగర న్యాయాధికారులను ఉద్దేశించి, కారణం లేకుండా మనుషులను ఖైదులో పెట్టవద్దని, హింసించవద్దని, అసూయ, కోపం, క్రౌర్యం, తొందరపాటు, బద్ధకం, అలసట ఉన్నవాడు సరిగ్గా న్యాయం చేయలేడని చెబుతాడు. అధికారులు ఇది పాటిస్తున్నారో లేదో చూడటానికి అయిదేళ్లకొకసారి మనిషిని పంపుతానంటాడు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం ఉన్న రోజున చదివి వినిపించాలని, మధ్య మధ్య కూడా, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే వినిపించాలని అంటాడు. రాజోద్యోగికి రాజు పెట్టిన చీవాట్లను సామాన్యుడు నిలబడి వినవచ్చు! కార్యాలయాల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్న ఎవరికైనా ఆ ఒక్క ఏర్పాటు విలువ విడమరిచి చెప్పనక్కరలేదు. యాత్ర కరపత్రం అశోకుణ్ణి కన్నీళ్లతో కొలిచింది. నా లెక్కలో ఆయనను కొలవవలసింది ఈ చదివి వినిపించే ఏర్పాటుతోనే.

రెండవ రోజు గుంటుపల్లి. నిజానికి ఇది డెల్టా కాదు, డెల్టా ముగిసి మెట్ట మొదలయ్యే చోటు. పంటకాలువలు వెనకపడి జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు వచ్చాక కొండ కనబడుతుంది. మెట్లెక్కగలిగినవారికి యాత్రలో ఇదే మేలైన భాగం. వ్యాఖ్యాత కూడా ఇక్కడ వేరే మనిషిలా కనిపించాడు, ప్రతి రాయీ అతనికి తెలుసు. గుండ్రటి గుహాచైత్యం ముందు నిలబెట్టి, లోపలి కప్పులో రాతిని కర్ర వాసాలలాగా చెక్కిన తీరును టార్చిలైటుతో చూపించాడు. లోపల ఉన్న చిన్న స్తూపాన్ని ఊరివారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారని చెప్పి, యాత్రికుల్లో ఒకామె కొబ్బరికాయ కొట్టబోతే మర్యాదగా ఆపాడు. ఆ తరువాత బీహారులోని బరాబర్ కొండల్లో ఉన్న సుదామ, లోమశ రుషి గుహల ఫొటోలు తీసి పక్కన పెట్టి, వాటి గుండ్రటి గది, కమాను ముఖం ఇక్కడి పనితనానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూసుకోమన్నాడు. సుదామ గుహను అశోకుడు తన పన్నెండవ పాలనా సంవత్సరంలో ఆజీవకులకు దానమిచ్చాడు. వారు బౌద్ధులు కారు, బుద్ధుని కాలం నుంచి బౌద్ధులకు పోటీదారులు.

ఆ దానం సంగతి ఇంకో కథకు జవాబు కూడా. అశోకుడు ఒకే రోజున పద్దెనిమిది వేల మంది ఆజీవకులను చంపించాడని ఉత్తరాది బౌద్ధ గాథ ఒకటి చెబుతుంది. తొంభైతొమ్మిది మంది అన్నదమ్ములను చంపి గద్దె ఎక్కాడని సింహళ గాథ చెబుతుంది. మతంలో చేరకముందు ఎంత దుర్మార్గుడైతే చేరాక మతానికి అంత గొప్ప అన్న లెక్కతో పుట్టినవి ఇవి. రాయి మీద ఉన్నది వేరు: ఆజీవకులకు గుహలిచ్చినట్టు ఉంది, తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్లలో ధర్మాన్ని చూసుకునే ధర్మమహామాత్రులనే అధికారులను నియమించానని అయిదవ శిలాశాసనంలో ఉంది. పన్నెండవ శాసనంలో, తన మతాన్ని పొగిడి ఎదుటివాడి మతాన్ని తిట్టేవాడు తన మతానికే హాని చేస్తాడని ఉంది. గాథలను, శాసనాలను పక్కపక్కన పెట్టి ఏది ఎందుకు నమ్మాలో వ్యాఖ్యాత చెప్పిన పద్ధతి శభాష్ అనిపించేలా ఉంది. ఇదే పద్ధతి ఆదుర్రులో సంఘమిత్ర కథకు ఎందుకు పట్టలేదో నాకు అర్థం కాలేదు.

గుంటుపల్లిలో అశోకుడు లేడు, ఆయన తరువాతివారు ఉన్నారు. రాతి స్తంభాల మీద కళింగ, మహిషక దేశాల అధిపతి, మహామేఘవాహన వంశపు సిరిసదుడనే రాజు పేరు ఉంది; దానమిచ్చింది రాజు కాదు, ఆయన దగ్గరి లేఖకుడు. మౌర్యుల రాజ్యం అశోకుని తరువాత యాభై ఏళ్లకే, క్రీ.పూ. 185 ప్రాంతంలో, సేనాపతి పుష్యమిత్రుని చేతిలో బృహద్రథుడు చనిపోవడంతో ముగిసింది. ఆ తరువాతి తరాల్లో కళింగం తన రాజులతో తిరిగి లేచింది, ఆ కళింగాధిపతి పేరు గోదావరి దాటి ఈ కొండ దాకా వచ్చింది. లక్ష మందిని చంపి సంపాదించినది నిలబడలేదు. బండల మీద రాసి జనానికి వినిపించే అలవాటు నిలబడింది, ఓడిన దేశపు రాజుగారి గుమాస్తా కూడా తన పేరు రాయి మీద చెక్కించుకునేటంతగా. అహింస వల్ల రాజ్యం పోయిందా లేదా అన్న పాత వాదం మీద వ్యాఖ్యాత వ్యానులో చాలాసేపు మాట్లాడాడు. సైన్యమూ, ఉరిశిక్షా అలాగే ఉన్న రాజ్యానికి ఆ వాదం అతకదు కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

చేతికిచ్చిన చిన్న పుస్తకాన్ని మాత్రం తిరగరాయాలి. ప్రసంగంలో ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషే ఇది రాశాడంటే నమ్మడం కష్టం. అందులో పదమూడవ శాసనం నుంచి పశ్చాత్తాపపు వాక్యాలు మాత్రమే ఉన్నాయి, అడవి జాతులకు చేసిన హెచ్చరిక లేదు. ధౌలి బొమ్మ కింద ‘చక్రవర్తి కన్నీరు కార్చిన చోటు’ అని ఉంది, ఆ కన్నీటి శాసనం అక్కడ లేదన్న మాట లేదు. 1947 జూలై 22న చక్రం జెండా మీదికి రావడం, 1950 జనవరి 26న సారనాథ్ సింహాలు రాజముద్ర కావడం గురించి నాలుగు పుటలు ఉంటే, అయిదవ స్తంభశాసనానికి నాలుగు వరుసలు కూడా లేవు. పదమూడవ శాసనాన్నీ, ధౌలి మొదటి ప్రత్యేక శాసనాన్నీ ఎదురెదురు పుటల్లో పూర్తిగా అచ్చువేస్తే చాలు, పాఠకుడు తానే తూచుకుంటాడు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. ప్రసంగానికీ, గుంటుపల్లికీ కలిపి మూడు, ఆదుర్రులో చేతికిచ్చిన ఫొటోకు అర. పదో తరగతి దాటిన పిల్లలను నిరభ్యంతరంగా తీసుకువెళ్లవచ్చు, పోటీ పరీక్షలు రాసేవారికి సాయంత్రపు ప్రసంగం ఎంతో పనికివస్తుంది. గుంటుపల్లి కొండ మీద నీడ తక్కువ కనుక కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. మోకాళ్ల నొప్పులున్నవారు ఊతకర్ర తెచ్చుకోవాలి. ఒక్క రోజే వీలయ్యేవారు ఆదివారం మాత్రమే వస్తామంటే సగం ధరకు చేర్చుకుంటున్నారు. శనివారం ప్రసంగానికి విడిగా రుసుము లేదు, ముందుగా ఫోను చేసి చెబితే ఊళ్లోవారిని కూడా కూర్చోనిస్తున్నారు.